గుంటూరు రోవర్ మీట్ రివ్యూ: వెళ్తే బండి తీసుకునే వెళ్ళండి

ముందే చెప్పేస్తా, 5కి 4. ఆ ఒక్క మార్కు ఎక్కడ కోశానో చదువుతుంటే మీకే అర్థమవుద్ది.

గుంటూరులో అమరావతి రోడ్డు పట్టుకుని ఊరు దాటాక ఒక ప్రైవేటు స్థలం ఉంది. ఆదివారం పూట అక్కడ సొంతంగా గడ్డి కోసే రోబోలు, పొలంలో వాటంతటవే తిరిగే రోవర్లు కట్టుకునే వాళ్ళు చేరతారు. దీనికి పేరంటూ ఏం లేదు, బ్యానర్ లేదు, జ్యోతి ప్రజ్వలన అసలే లేదు, ఒకరి నుంచి ఒకరికి ఫోన్లో తెలిసి వచ్చేవాళ్ళే అందరూ. టికెట్ లేదు, టీలకీ టిఫిన్లకీ తలా కాస్త వేసుకుంటారు. ఇంజనీరింగ్ కుర్రాళ్ళు ఉంటారు, బెజవాడ ఆటోనగర్ నుంచి ఒక లేత్ మేస్త్రీ గారు వస్తారు, రిటైరైన పాలిటెక్నిక్ మాస్టారు ఒకాయన ఉంటారు, వర్క్ ఫ్రమ్ హోమ్ పేరు చెప్పి తెనాలిలో కూర్చుని మోటార్లు విప్పుకునే సాఫ్ట్‌వేర్ బ్యాచ్ ఒకటి, మిరప రైతులు కూడా ఇద్దరు ముగ్గురు కనపడ్డారు. అసలు విజయవాడ గుంటూరుల్లో లాన్ ఎంతమందికి ఉంది చెప్పండి, అపార్ట్‌మెంట్లో తులసి కోట పెట్టుకోడానికే చోటు లేదు. అందుకే ఇక్కడ లాన్ మోవర్ అని మొదలెట్టిన ప్రతి ప్రాజెక్టూ చివరికి మిరప సాళ్ళ మధ్యకో, తోటలోకో పోయి తేలుద్ది. నాకదే బాగా నచ్చింది.

నేను వెళ్ళింది మా బాబాయ్ పోరు పడలేక. ఆయనకి నూజివీడు దగ్గర పాత మామిడి తోట ఉంది. కూలీలు దొరకరు, ట్రాక్టర్ కొమ్మల కిందకి దూరదు, గడ్డి మాత్రం ఏపుగా పెరుగుద్ది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట, "ఒరేయ్, యూట్యూబ్‌లో చూశా, ఫారినోళ్ళ తోటల్లో డబ్బా ఒకటి దానంతటదే తిరిగి కోసేస్తంది, మనకి అట్టాంటిది చెయ్యలేవా, ఇంజనీరింగ్ చదివించింది ఎందుకు మరి" అని. నా దగ్గర పిక్స్‌హాక్ అనే కంట్రోల్ బోర్డు, అందులో బండిని నడిపే ఆర్డుపైలట్ రోవర్ అనే ఫర్మ్‌వేర్ పెట్టి కట్టిన నాలుగు చక్రాల బండి ఉంది, కాలనీ సిమెంట్ రోడ్డు మీద బుద్ధిగానే పోద్ది, గడ్డిలోకి దిగితే మాత్రం గీత తప్పి వంకర్లు పోద్ది. సరే పదండి ఇద్దరం వెళ్దాం అని బాబాయ్‌నీ బండినీ కలిపి ఆటో ట్రాలీలో ఎక్కించుకుని బయల్దేరా.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఇది చూసి చప్పట్లు కొట్టే ఎగ్జిబిషన్ కాదు. ఊరికే చూద్దామని వచ్చిన వాళ్ళు గంటలో బోర్ కొట్టి ఫోన్లు తీసేశారు, నా కళ్ళతో చూశా. బండి తెచ్చిన వాళ్ళ దగ్గరికి మాత్రం జనం మూగుతారు, పక్కన కింద కూర్చుని స్క్రూలు విప్పుతారు, లాప్‌టాప్ లాక్కుని పారామీటర్లు, అంటే బండి సెట్టింగులు, చూస్తారు, ఇది పని చెయ్యదు అని మొహం మీదే చెప్తారు. ఆ మొహం మీద చెప్పడం కోసమే నేను నాలుగు మార్కులు ఇచ్చింది.

వెళ్ళగానే చేయించేది సున్నం టెస్ట్. బండి వెనకాల అడుగున చిన్న కన్నం పెట్టిన డబ్బా కట్టి అందులో పొడి సున్నం పోస్తారు, ముప్పై అడుగుల గీత ఒకటి ప్రోగ్రామ్ చేసి అదే గీత మీద పోనిచ్చి వెనక్కి రానిచ్చి మళ్ళీ పోనిస్తారు, అయిపోయాక మాస్టారు టేపు పట్టుకుని ఒంగుని ఆ సున్నం పట్టీ ఎంత వెడల్పు వచ్చిందో కొలుస్తారు. స్క్రీన్ మీద గీత ఎంత అందంగా ఉన్నా ఆయనకి అనవసరం. "స్క్రీన్ మీద గీత బండి అనుకునే గీత బాబూ, సున్నం గీత బండి నిజంగా నడిచిన గీత" అంటారు. ఒక కుర్రాళ్ళ బండిది అంగుళం పైన కొంచెం వచ్చింది, ఈలలే ఈలలు. నాది వెళ్ళేటప్పుడు ఒక పట్టీ, వచ్చేటప్పుడు అడుగు పక్కన ఇంకో పట్టీ. మా బాబాయ్ అది చూసి "వరికి కాలవ తవ్వుతున్నావా ఏందిరా" అన్నాడు, అందరూ నవ్వారు.

కారణం అక్కడే పట్టేశారు, అది చెప్పే ముందు జీపీఎస్ సంగతి కొంచెం. మామూలు జీపీఎస్‌కి రెండు మూడు మీటర్ల తేడా ఉంటది, దాంతో గడ్డి కోయించడం అయ్యే పని కాదు, అందుకే అందరూ ఆర్‌టీకే వాడతారు, రెండు రిసీవర్లతో ఆ తేడాని సెంటీమీటర్లకి తగ్గించే పద్ధతి అది. కదలకుండా ఒకచోట పెట్టిన రిసీవర్‌ని బేస్ అంటారు, బండి మీదది రోవర్. బేస్ ఉన్న చోటు ముందే తెలుసు కాబట్టి శాటిలైట్ సిగ్నల్లో ఎంత తప్పు వస్తుందో అది లెక్కగట్టి రోవర్‌కి పంపిస్తా ఉంటది. మన దగ్గర రీసర్వే అప్పుడు సర్వేయర్లు పొలాల గట్ల మీద కర్ర పట్టుకుని తిరిగారు గుర్తుందా, 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో మొదలెట్టారే అదీ, ఆ కర్ర మీద డబ్బాలో ఉండేది కూడా ఈ టెక్నాలజీనే. హాబీ వాళ్ళు ఎక్కువగా వాడేది యూబ్లాక్స్ వాళ్ళ జెడ్ఈడీ ఎఫ్9పీ చిప్పు, డేటాషీట్ ప్రకారం 1 సెంటీమీటర్, దాని మీద 1 పీపీఎం, అంటే బేస్ నుంచి కిలోమీటర్ దూరానికి ఒక మిల్లీమీటర్ చొప్పున తేడా పెరుగుద్ది. ఈ మధ్య యూనికోర్ వాళ్ళ యూఎం980 కూడా చాలామంది చేతుల్లో కనపడుతోంది.

ఫిక్స్, ఫ్లోట్ అనే రెండింటి తేడా మాస్టారు చెప్పినట్టు నాకు ఇంకెక్కడా ఎవరూ చెప్పలేదు. రిసీవర్ దూరాన్ని సిగ్నల్ అలతో కొలుస్తుంది, ఎల్1 అనే ఫ్రీక్వెన్సీ బ్యాండులో ఒక్కో అల పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. "తాడుని మూరలేసి కొలుస్తున్నావనుకో, చివర మిగిలిన ముక్క ఎంతో కరెక్ట్‌గా తెలుసు, మొత్తం ఎన్ని మూరలో మాత్రం లెక్క మర్చిపోయావు. ఆ మూరల లెక్క తేలితే ఫిక్స్, తేలకుండా సుమారుగా అంటుంటే ఫ్లోట్" అన్నారు. అంతే, ఇంకేం కావాలి. ఫ్లోట్‌లో అడుగు తేడా వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

నా బండి ఫిక్స్‌లోనే ఉంది, అయినా రెండు పట్టీలు ఎందుకొచ్చాయి అంటే కంపాస్. ఇనప చాసిస్, దాని మీద జానెడు దూరంలో కంపాస్, కింద మోటార్లకి పోయే కరెంటు. మోటార్ మీద లోడ్ పెరిగిన ప్రతిసారీ కంపాస్ దిక్కు మారిపోతోంది, బండి ఎక్కడుందో కరెక్ట్‌గా తెలుసు గానీ ఎటు చూస్తోందో తెలియట్లేదు. తెనాలి బ్యాచ్ కుర్రాడు ఒకడు బండి రాసుకున్న లాగ్ ఓపెన్ చేసి థ్రాటిల్ (మోటార్లకి ఇచ్చే పవర్) గ్రాఫూ కంపాస్ గ్రాఫూ పక్కపక్కన పెట్టి చూపించాడు, రెండూ ఒకేసారి ఎగురుతున్నాయి. "అన్నా, కంపాస్ పీకేసి రెండు యాంటెన్నాలు పెట్టేయ్" అన్నాడు. రెండు యాంటెన్నాలు కనీసం 30 సెంటీమీటర్ల ఎడంగా పెడితే ఆ రెండిటి మధ్య గీతే దిక్కు చెప్పేస్తుంది, ఇనప ముక్క ఎంత దగ్గరున్నా సంబంధం లేదు. యూఎం982 అయితే ఒకే బోర్డు మీద రెండు యాంటెన్నాలు పెట్టుకోవచ్చు. అప్పటికప్పుడు వాడి స్పేర్ బోర్డు నా బండికి పెట్టి, మోటార్లు ట్యూన్ చేసే వరస కూడా మార్పించాడు, ముందు క్రూయిజ్ స్పీడ్, థ్రాటిల్ సరిచూసుకోవాలంట, తర్వాత స్టీరింగ్ రేట్‌లో ఫీడ్ ఫార్వర్డ్ అనే సెట్టింగ్ ఒక్కటే పెంచుకుంటూ పోవాలంట, తప్పుని సరిదిద్దే పీ, ఐ సెట్టింగులు ఆఖర్న. మళ్ళీ సున్నం టెస్ట్ చేస్తే పట్టీ బెత్తెడుకి వచ్చింది. బోర్డు మాత్రం తిరిగి తీసేసుకున్నాడు, తీసుకోవాలి కూడా, దాని రేటు అలాంటిది.

ఇక బాబాయ్ సంగతి. నన్ను పక్కకి నెట్టేసి నేరుగా మాస్టారిని పట్టుకున్నాడు. చెట్లు ఎంత దూరంలో ఉన్నాయండి, కొమ్మలు కలిసిపోయాయా, నేల చదునేనా, ఆయన అడగడం ఈయన చెప్పడం. పాత తోట, ముప్పై అడుగుల ఎడంలో పెట్టిన చెట్లు, కొమ్మలు కలిసిపోయి కింద చీకటి. మాస్టారు తల అడ్డంగా ఊపారు. ఆకుల్లో ఉండేదంతా నీళ్ళు, శాటిలైట్ సిగ్నల్ వచ్చేదే బలహీనంగా, ఆ ఆకుల్లో సగం ఇంకిపోద్ది, మిగతాది కొమ్మలకి తగిలి చెదిరి వస్తది, ఫిక్స్ నిలవదు అన్నారు. ఊరికే అనడం కాదు, ఆ స్థలం చివర వేపచెట్లు ఉంటే ఒక రోవర్‌ని ఆ కిందకి పంపించి చూపించారు. స్క్రీన్ మీద ఆకుపచ్చగా ఉన్న ఫిక్స్ మాట చెట్టు నీడలోకి వెళ్ళిన నాలుగడుగులకే ఫ్లోట్ అయ్యింది, ఇంకా లోపలికి పోతే అది కూడా పోయింది, బండి ఆగిపోయింది. మా బాబాయ్ మొహం చూడాలి.

"అయితే మాకు రాదంటారా మాస్టారూ?"

"రాదనట్లేదండీ, ఇప్పుడే డబ్బులు పెట్టొద్దంటున్నా. ఆర్‌టీకే ఒక్కదాన్ని నమ్ముకుంటే మీ తోటలో నడవదు. చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్లు పెట్టుకుంటే సిగ్నల్ పోయినా కొన్ని అడుగులు గీత మీద నిలబెట్టొచ్చు, అంతకు మించి కావాలంటే లేజర్‌తో మొదళ్ళని చూసి నడిపించే లైడార్ కావాలి, దానికి ఈ అబ్బాయి ఇంకా చాలా నేర్చుకోవాలి. ముందు రిమోట్‌తో నడిచే కట్టర్ ఒకటి చేయించుకోండి, వరసల నడుమ అదే కోస్తుంది, మీరు నీడన కుర్చీ వేసుకు కూర్చోవచ్చు. మొదళ్ళ దగ్గర ఎలాగూ బ్రష్ కట్టర్ తప్పదు."

బాబాయ్‌కి ఆ కుర్చీ మాట బాగా నచ్చింది. అమ్మేవాళ్ళ దగ్గరికి వెళ్ళుంటే ఈ మాట వినేవాళ్ళమా, డెమో వీడియో చూపించి అడ్వాన్స్ తీసుకుని పంపేవాళ్ళు. దీన్ని ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే ఈ మీట్ విలువ అంతా ఇక్కడే ఉంది, ఎవరూ మీకేదీ అమ్మట్లేదు కాబట్టి ఏది నడవదో నిర్మొహమాటంగా చెప్తారు, చెప్పిందాన్ని నేల మీద చూపిస్తారు.

హార్డ్‌వేర్ మూల గురించి. ఎక్కువమంది హోవర్‌బోర్డ్ చక్రాలతోనే మొదలెడతారు, పాతవి చవగ్గా దొరుకుతాయి, ఆరున్నర అంగుళాల చక్రంలోనే మోటార్ ఉంటది, 36 వోల్టుల బ్యాటరీ కూడా దాంతోనే వస్తది, లోపలి బోర్డుకి ఎస్‌టీ లింక్ అనే ప్రోగ్రామర్ పెట్టి ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఎక్కించేస్తే రెండు మోటార్లూ మన చెప్పుచేతల్లోకి వస్తాయి. లాన్ మీద సూపర్. కానీ మన నల్లరేగడిలో గేర్లు లేని ఆ మోటార్ నెమ్మదిగా తిరగాలంటే చచ్చిపోద్ది, కరెంటు తాగుద్ది, వేడెక్కుద్ది, కాసేపటికి ఆగుద్ది. మేస్త్రీ గారు అయితే వాటిని చేత్తో కూడా ముట్టుకోరు. ఆయన కట్టినవి చూడాలి, చదరపు పైపుల చాసిస్, వీల్‌చైర్ గేర్ మోటార్లు, స్ప్రాకెట్లు చైన్లు, వెల్డింగ్ అయితే అద్దంలో మొహం చూసుకోవచ్చు. పారామీటర్లు గీరామీటర్లు ఆయనకి తెలియవు, తెలుసుకోవాలని కూడా లేదు, "బురదలో దిగబడితే నీ కంప్యూటర్ లాగుద్దా" అంటారు. కుర్రాళ్ళు ఆయన చుట్టూ ఎందుకు తిరుగుతారో ఒక్కసారి మీ బండి దిగబడితే తెలుస్తుంది. ఆటోనగర్‌లో మీ కొలతలకి చాసిస్ చేయించుకోవాలంటే ఏం అడగాలో, ఎక్కడ ఎక్కువ చెప్తారో అన్నీ ఆయన్ని అడిగి రాసుకోండి.

బయటి దేశాల డిజైన్లు కాపీ కొట్టేవాళ్ళకి కూడా అక్కడ బాగానే పడతాయి అక్షింతలు. ఓపెన్‌మోవర్ అని ఒక ప్రాజెక్టు ఉంది, యార్డ్‌ఫోర్స్ క్లాసిక్ 500 అనే రెడీమేడ్ మోవర్ కొని, లోపలి బోర్డు తీసేసి రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, ఆర్‌టీకే పెట్టి తీగ అక్కర్లేకుండా నడిపిస్తారు. పాత మోవర్లకి స్థలం చుట్టూ తీగ పాతాలి, అది దాటకుండా లోపల ఇష్టమొచ్చినట్టు తిరుగుతా ఉంటాయి, 1995లో హస్క్‌వర్నా వాళ్ళ సోలార్ మోవర్ వచ్చిన దగ్గర్నుంచి చాలా ఏళ్ళు ఇంట్లో వాడే మోవర్లు దాదాపు అట్టాగే తిరిగాయి. ఓపెన్‌మోవర్ సాఫ్ట్‌వేర్ గొప్పదే, మన దగ్గర కూడా నడుస్తది, కానీ ఆ బండి యూరప్ లాన్‌కి చేసింది, మన గరికా తుంగా చూస్తే బెంబేలెత్తిపోద్ది. చిన్న చిన్న రేజర్ బ్లేడ్లు రోజూ కొంచెం కొంచెం కొరికే పద్ధతి దానిది, రెండడుగుల గడ్డి దానికి చూపిస్తే చుట్టుకుపోయి ఆగుద్ది. ఎవరో వయ్యారిభామ పెరిగిన మూలకి ఒక చిన్న మోవర్‌ని పంపారు, లోపలికెళ్ళింది, ఇక రాలేదు, ఎత్తుకుని రావాల్సొచ్చింది. అలాంటి చోట్లకి నైలాన్ తాడు కట్టరే మేలని అందరి మాట.

సేఫ్టీ దగ్గర మాత్రం వీళ్ళని మెచ్చుకోవాలి, సగం వరకు. కొత్తగా వచ్చిన ఏ బండికైనా మొదటి రౌండ్‌లో బ్లేడ్ బిగించనివ్వరు, బ్లేడ్ సైజులో అట్టముక్క గుండ్రంగా కోసి దాన్నే తిప్పమంటారు. ఎర్ర బటన్ తప్పనిసరి, అదీ సాఫ్ట్‌వేర్‌కి ఆగమని చెప్పే బటన్ కాదు, నొక్కితే కాంటాక్టర్ (పెద్ద కరెంటు స్విచ్) పడి మోటార్లకి కరెంటే పోవాలి. రిమోట్ స్విచ్ ఆఫ్ చేసి బండి ఆగుతుందో లేదో చూస్తారు, చాలామంది బండ్లు ఆగవు, రిమోట్ సిగ్నల్ పోతే ఆగమనే ఫెయిల్‌సేఫ్ సెట్ చేసుకోరు. తర్వాత దోసకాయ టెస్ట్, బండి దారిలో ఒక పసుపు దోసకాయ పెడతారు, బంపర్ తగిలి ఆగాలి, బండిని చేత్తో ఎత్తితే బ్లేడ్ ఆగాలి. రోబో మోవర్లకి ఐఈసీ 60335-2-107 అని అంతర్జాతీయ స్టాండర్డ్ ఉంది, ఎత్తితే బ్లేడ్ ఆగడం లాంటివి అందులో ఉన్నవే. ఒక టీమ్ బండి ఆ దోసకాయని నిలువునా రెండు ముక్కలు చేసేసింది, ఆ టీమ్‌ని ఆ రోజుకి మళ్ళీ బ్లేడ్ ముట్టుకోనివ్వలేదు.

మరి సగం అని ఎందుకన్నానంటే, ఇదే నేను కోసిన మార్కు, టెస్ట్ పాసైన బండ్లు బ్లేడ్లతో తిరిగే చోట చుట్టూ తాడు కట్టలేదు. రైతులు పిల్లల్ని తీసుకొస్తారు, పిల్లలకి తిరిగే బండి కనపడితే ఆగుతారా, ఒకడు వెనకాలే పరిగెడుతుంటే వాళ్ళమ్మ కేకలు. బ్లేడ్‌కి రాయి తగిలితే ఎంత దూరం ఎగురుద్దో ఎవరూ చెప్పలేరు. బండికి అన్ని పరీక్షలు పెట్టేవాళ్ళకి నాలుగు కర్రలు పాతి తాడు కట్టడం పెద్ద పనా? నేను అడిగితే వచ్చేసారి చూద్దాం అన్నారు. చూద్దాం.

నీడ కూడా లేదు. ఒక షామియానా ఉంది, దాని కింద లాప్‌టాప్‌లూ బ్యాటరీలూ, మనుషులు ఎండలో. ఇక్కడి ఎండలో ఇంకో సమస్య, లిథియం అయాన్ సెల్స్‌కి మామూలుగా 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ పెట్టకూడదు, ఎండలో పెట్టిన నల్ల డబ్బాలో ఆ వేడి చాలా తేలిగ్గా దాటుద్ది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు తడిగుడ్డ కప్పిన బాక్సులో బ్యాటరీలు పెట్టుకుని పొద్దున్నే పని కానిచ్చేస్తారు. పొద్దున్నే అన్నాను కదా, తొమ్మిదికి అంటే పదిన్నరకి మొదలవుద్ది, అది మామూలే. బాత్రూమ్ ఒక్కటే ఉంది, ఇంజనీరింగ్ అమ్మాయిలు నలుగురైదుగురు వచ్చారు, వాళ్ళకి ఇబ్బందే, దీని మీద ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను రాస్తున్నా.

సాయంత్రం దాకా ఉంటే మాత్రం ఒక వింత చూడొచ్చు. ఎండ తగ్గాక చల్లగా పని చేసుకుందాం అని చాలామంది చీకటి పడే దాకా ఆగుతారు, సరిగ్గా అప్పుడే పగలంతా ఫిక్స్‌లో ఉన్న బండ్లు ఒకదాని తర్వాత ఒకటి ఫ్లోట్‌లోకి పడిపోతుంటాయి. చెట్టు లేదు, మబ్బు లేదు, యాంటెన్నా ఊడలేదు. కొత్తవాళ్ళు వైర్లు పీకి పెడుతుంటారు, పాతవాళ్ళు టీ తాగుతుంటారు. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణ కొస మీదుగా పోద్ది, ఆ చుట్టుపక్కల బెల్టులో సూర్యాస్తమయం అయ్యాక అయనోస్ఫియర్ అనే పై వాతావరణ పొర కలత పడుద్ది, అందులోంచి వచ్చే శాటిలైట్ సిగ్నల్ మినుకుమినుకుమంటది, సూర్యుడి మీద గోల ఎక్కువున్న ఏళ్ళలో మరీను. సూర్యుడు ఆ గోల బాగా ఎక్కువుండే సోలార్ మాక్సిమమ్ దశకి చేరాడని 2024 అక్టోబర్‌లో నాసా వాళ్ళు ప్రకటించారు కూడా. యూరప్ కుర్రాళ్ళ వీడియోలు చూసి రాత్రిపూట మోవర్ వదిలేద్దాం అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి, వాళ్ళ ఆకాశం వేరు మన ఆకాశం వేరు. అన్ని బ్యాండులూ, అన్ని దేశాల శాటిలైట్లూ పట్టే రిసీవర్ ఉన్నవాళ్ళకి కొంత నయంగా ఉంది, సింగిల్ బ్యాండ్ వాళ్ళు సర్దేసుకుని ఇంటికి పోయారు.

బేస్ గురించి ఇంకో మాట, ఎవరో ఒకాయన విజయవాడలో తన డాబా మీద బేస్ పెట్టి గుంటూరులో ఇంటర్నెట్ నుంచి ఆ కరెక్షన్ తీసుకుంటూ వచ్చాడు. పేపర్ మీద లెక్కేస్తే ముప్పై చిల్లర కిలోమీటర్లకి ముప్పై చిల్లర మిల్లీమీటర్లే, కానీ అంత దూరంలో రెండు చోట్ల మీదా అయనోస్ఫియర్ ఒకేలా ఉండదు, ఫిక్స్ రావడానికే గగనమైంది. చివరికి అక్కడి బేస్‌కే మారాడు. సొంత బేస్ లేని వాళ్ళు సర్వే ఆఫ్ ఇండియా దేశమంతా పెట్టిన కోర్స్ స్టేషన్ల (ఎప్పుడూ పనిచేసే బేస్‌ల) సర్వీసులో రిజిస్టర్ చేసుకోవచ్చు, ఫోన్ నెట్ మీద కరెక్షన్ వస్తది, ఆ పద్ధతిని ఎన్‌ట్రిప్ అంటారు, ఎలా పెట్టుకోవాలో అక్కడ చూపిస్తారు. బేస్ నుంచి కరెక్షన్ పంపడానికి రేడియో వాడే వాళ్ళు మాత్రం 915 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ తెచ్చారంటే మాస్టారి చేతిలో అయిపోయారే, మన దగ్గర లైసెన్స్ అక్కర్లేనిది 865 నుంచి 868 వరకు. ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తుందని 915వి కొనకండి.

తిండి బాగుంది. మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం, గోంగూర పచ్చడి, సాయంత్రం బండి వాడొకడు గేటు దగ్గరికే వచ్చి మిరపకాయ బజ్జీలు వేస్తాడు, మధ్యలో చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండి ఇస్తాడు, గుంటూరులో ఉండి అది తినకుండా వచ్చామంటే ఎట్టా. బజ్జీ చేత్తోనే కీబోర్డు ముట్టుకోవద్దు, చెప్తున్నా.

ఎవరికి పనికిరాదు అంటే, రెడీమేడ్ మోవర్ కొందామనుకునే వాళ్ళకి, కాలేజీ ప్రాజెక్టు ఎవరైనా చేసిస్తారేమో అని వచ్చే వాళ్ళకి. రెండో రకం వాళ్ళు ఇద్దరు వచ్చారు, రేటు ఎంత అని కూడా అడిగారు, మేస్త్రీ గారు వాళ్ళ చేతికి స్పానర్ ఇచ్చి చక్రం విప్పమన్నారు, అంతే మళ్ళీ కనపడలేదు. రైతులకి మాత్రం వెళ్ళమనే చెప్తా, బండి లేకపోయినా సరే, మీ చేను ఫోటోలు, సాలుకి సాలుకి ఎంత ఎడం ఉందో కొలత పట్టుకెళ్ళండి, కొలత చెప్తేనే వాళ్ళు మాట్లాడగలరు. ట్రాక్టర్ ఉన్న ఆయన ఒకరు ఆగ్‌ఓపెన్‌జీపీఎస్ గురించి అడిగితే మిగతావన్నీ వదిలేసి ఆయన చుట్టూ చేరారు, అది ట్రాక్టర్‌ని తిన్నగా నడిపించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, దాని మీద ఒక్క ఆదివారం పెట్టినా జనం వస్తారు అనిపించింది నాకైతే.

విజయవాడ నుంచి వచ్చేవాళ్ళు బండిని కార్లో పడేసుకుని హైవే మీద కాజ టోల్ దాటి వచ్చేయొచ్చు, ఏ ఇబ్బందీ లేదు, పెద్ద బండి అయితే ట్రాలీ మాట్లాడుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీదే తెచ్చుకోండి, అక్కడున్న దానికి ప్లగ్గులు చాలవు. గాలి చక్రాలు ఉంటే స్పేర్ ట్యూబ్ తప్పకుండా, ఆ స్థలం నిండా పల్లేరు కాయలు, టైర్లనీ చెప్పుల్నీ ఒకేలా చూస్తాయి. సున్నం మాత్రం వాళ్ళే ఇస్తారు. వానాకాలంలో మీట్ ఉందో లేదో ముందు రోజు రాత్రి కూడా కనుక్కుని బయల్దేరండి, ఆ నల్లరేగడి తడిసిందంటే రోవర్ల సంగతి తర్వాత, పార్క్ చేసిన మన బైకే బయటికి రాదు.